పదకొండు రకాలు అమ్మ ఒక్కతే చేయలేదు

ప్రశ్న: మేం జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. నాలుగేళ్లయింది. మాది తెనాలి, మా వారిది కరీంనగర్. ఆరేళ్ల బాబు ఉన్నాడు. పోయినేడు ఉగాది ఆదివారం వచ్చింది కదా అని మా అమ్మ చేసినట్టే పదకొండు రకాలు చేయాలనుకున్నాను. సరిగ్గా ఆ రోజే ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు. లేచేసరికే ఆలస్యం. మామిడికాయ తేవడం మర్చిపోయాను, ఆదివారం ఒక్క షాపూ తీయరు. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ ముక్కలు వేస్తే బాబు ఉమ్మేశాడు. గారెలు వేస్తుంటే పొగ అలారం మోగింది, కింది ఇంటి పెద్దావిడ పైకొచ్చి తలుపు కొట్టింది. మూడింటికి అమ్మ వీడియో కాల్ చేసి ‘ఎన్ని చేశావే, చూపించు’ అనగానే ఏడుపొచ్చేసింది. ఈసారి ‘పండగ పేరుతో ఏడవడం ఎందుకు, బిర్యానీ ఆర్డర్ పెడదాం’ అంటున్నారు మా వారు. ‘చేదుగా ఉన్నది ఎందుకు తినాలి’ అంటున్నాడు బాబు. ఈసారి ఉగాది గురువారం, ఇద్దరికీ ఆఫీసు. శనివారమో ఆదివారమో చేసుకుంటే తప్పా? వేపపువ్వు బదులు ఏం వేయాలి? దగ్గర్లో మూడు తెలుగు కుటుంబాలున్నాయి. పిలవాలని ఉంది, మళ్లీ అదే టెన్షన్ అని భయంగానూ ఉంది. మా వారికి వంటలో చపాతీలు తప్ప ఏమీ రావు.
– పేరు వద్దు

సమాధానం: ముందు మీ అమ్మగారి పదకొండు రకాల సంగతి తేల్చుకుందాం. అవి ఆవిడ ఒక్కరే చేశారా? కాస్త గుర్తు తెచ్చుకోండి.

మా ఇంట్లో ఉగాది వంట అమ్మ చేసేదని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. తీరా లెక్కేస్తే, కొత్త చింతపండు గింజలు తీసి ఉప్పేసి కుండకెత్తింది నానమ్మ, అదీ పండగకి నెల ముందు. వేపపువ్వు దులిపి తెచ్చింది వెనకింటి కుర్రాళ్లు. మామిడాకులు నాన్న కట్టేవారు. పూర్ణం రుబ్బింది పిన్ని, ఉండలు చేసింది మేం పిల్లలం, పెనం దగ్గర కూర్చున్నది మాత్రం అమ్మ. ఎదురింటివాళ్లు పులిహోర పంపితే మా బొబ్బట్లు అటు వెళ్లేవి. పదకొండు రకాల వెనక పదిహేను మందైనా ఉండేవాళ్లు. మీరు ఆ పదిహేను మంది పనినీ రెండు ఎలక్ట్రిక్ పొయ్యిల మీద, గంట తగ్గిన రోజున, ఒక్కరే చేయబోయారు. ఏడుపు రాక ఏమొస్తుంది? ఇప్పుడు ఊళ్లో కూడా ఎవరూ అలా చేయడం లేదు. ఉగాది పొద్దున బొబ్బట్ల షాపు ముందు నిలబడే జనాన్ని చూస్తే మీకే తెలుస్తుంది.

కాబట్టి ఈసారి రకాలు తగ్గించండి, చేతులు పెంచండి. మిగతాదంతా దీన్ని ఎలా అమలు చేయాలన్నదే.

ఇక రోజు సంగతి. ఈ ఉగాది 2026 మార్చి 19, గురువారం. పరాభవ నామ సంవత్సరం. పేరు చూసి బెదరకండి, మీ వంటింటి పరాభవం పోయినేడే విశ్వావసు ఖాతాలో పడిపోయింది. తిథి విషయంలో ఈసారి మనకంటే మీకే నయం. హైదరాబాద్‌లో సూర్యోదయమైన కాసేపటికి, ఏడు గంటలకు కొంచెం ముందు పాడ్యమి మొదలవుతుంది. అప్పటికి మీకు తెల్లవారుజామున రెండున్నర కూడా కాదు. అంటే మీ ఊళ్లో సూర్యుడు లేచేసరికే పాడ్యమి వచ్చి కూర్చుని ఉంటుంది.

పండగని రెండు ముక్కలు చేయండి. పచ్చడి గురువారం, భోజనం శనివారం. ఉగాది పొద్దున వేపపువ్వు తినడాన్ని పెద్దలు నింబకుసుమ భక్షణం అన్నారు, అది ఆ రోజుకి చెందిన పని. విందుకి అలాంటి పట్టింపు నేనైతే పెట్టుకోను. బుధవారం రాత్రి చింతపండు నానబెట్టి, బెల్లం తరిగి పెట్టుకుంటే పొద్దున తలస్నానాలయ్యాక పావుగంట పని. తలా రెండు చెంచాలు తిని ఆఫీసుకీ బడికీ వెళ్లిపోవచ్చు. ఊళ్లో సాయంత్రం ఆరింటికి గుళ్లో పంచాంగ శ్రవణం జరిగితే మీకు మధ్యాహ్నం ఒకటిన్నర. లంచ్ టైమ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అన్నది వినేయొచ్చు.

భోజనానికి ఆదివారం కాకుండా శనివారం అని ఎందుకంటున్నానంటే, ఆదివారం ఏది మర్చిపోయినా అంతే సంగతులని మీకు అనుభవమే. శనివారమైతే పొద్దున కొత్తిమీర కోసం పరిగెత్తడానికి ఓ షాపు ఉంటుంది, అంట్లు తోముకోవడానికి ఆదివారం ఉంటుంది. ఆదివారం అక్కడ నిశ్శబ్దం పాటించే రోజు కూడాను, మిక్సీ గిర్రుమంటుంటే కింది ఆవిడ మళ్లీ పైకొస్తుంది. ఇంకొకటి. ఈ ఏడు ఆ శుక్రవారం నుంచే టర్కీ వాళ్లకి రంజాన్ పండగ. మనం కూరగాయలకీ కొత్తిమీరకీ పుదీనాకీ ఆధారపడేది వాళ్ల షాపుల మీదే. బుధ, గురువారాల్లో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు, శుక్రవారం కొన్ని మూసేసినా మూసేస్తారు. పప్పులు, బెల్లం, కూరగాయలు సోమ, మంగళవారాల్లోనే తెచ్చేసుకోండి.

వేపపువ్వు గురించి. బదులు వెతకడానికి ముందు అసలుదాన్ని సరైన చోట వెతకండి. మన ఇండియన్ షాపులో లేకపోతే లేదనుకుంటాం. శ్రీలంక నుంచి వచ్చిన ఈలం తమిళుల షాపులు జర్మనీలో చాలా ఊళ్లలో ఉన్నాయి. వాళ్లు వేపపువ్వుతో చారు పెట్టుకుంటారు కాబట్టి ఎండు పువ్వు ప్యాకెట్లు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. ‘వేప్పంపూ’ అని అడగండి. నల్లగా, చెత్తలా కనిపిస్తుంది, అది చూసి వదిలేయకండి. పుల్లలు ఏరేసి, అర చెంచా నేతిలో సన్న సెగ మీద వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది. దాన్ని పచ్చడిలో చివర్న, తినే ముందు కలపాలి. ముందే వేస్తే చేదంతా పులుసులోకి దిగుతుంది. ముగ్గురికి ఒక చిన్న చెంచాడు చాలు.

పువ్వు దొరికితే పువ్వే వేయండి, ఆకు పొడి మాత్రం వద్దు. ఒక ఏడు నేను ఆయుర్వేదం డబ్బాలోని వేపాకు పొడి చిటికెడు వేశాను. ఆ పచ్చడిని మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు, మంచిగా కాదు.

అసలు దొరకలేదనుకోండి, నాలుగు మెంతి గింజలు ఎర్రగా వేయించి పొడి చేసి చిటికెడు వేయండి. మెంతులు టర్కీ షాపుల్లోనూ దొరుకుతాయి. కాకరకాయ పచ్చడిలో కలవదు, ముక్క ముక్కగా పంటికి తగులుతుంది. బాబు ఉమ్మేశాడంటే వాడి నాలుక బాగానే పనిచేస్తున్నట్టు. మామిడికాయకి థాయ్ షాపుల్లో పచ్చిమామిడి చూడండి, తొక్కతోనే సన్నగా తరగండి, వగరు ఆ తొక్కలో ఉంటుంది. అది లేకపోతే పుల్లటి ఆకుపచ్చ యాపిల్. పులుపు వస్తుంది, వగరు కొంచెం తగ్గుతుంది, సర్దుకోవాలి.

మీ అమ్మగారు ఎవరి సూట్‌కేసులోనో పచ్చి వేపపూతా మామిడికాయలూ పెట్టి పంపుతానంటే వద్దనండి. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తాజా పళ్లు, కూరలు, పూలు తేవాలంటే 2019 డిసెంబర్ నుంచి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అనాస, కొబ్బరికాయ, డూరియన్, అరటి, ఖర్జూరం, ఈ ఐదింటికే మినహాయింపు. కొబ్బరికాయా అరటిపండూ ఆ జాబితాలో ఉండటం మన పూజ తెలిసిన వాళ్లెవరో రాసినట్టే ఉంటుంది! నెయ్యి, పాలకోవా కూడా కుదరవు, పాల పదార్థాలు ప్రయాణికుల సామానులో తేకూడదు.

నేతికి మాత్రం బెంగ అక్కర్లేదు. అక్కడి వెన్నతో కాచుకోండి. కాకపోతే వెన్న కొనేటప్పుడు ప్యాకెట్ మీద చూసుకోవాలి. తీపి మీగడ వెన్న ఒకటి, పులిసిన మీగడ వెన్న ఒకటి ఉంటాయి. రెండోదాన్ని వాళ్లు జావర్‌రాంబుటర్ అంటారు. మనం పెరుగు చిలికి తీసేది కూడా పులిసిన వెన్నే కాబట్టి, ఇంటి నేతి వాసన దీంతోనే దగ్గరగా వస్తుంది. పావుకిలో ప్యాకెట్‌కి రెండొందల గ్రాముల దాకా నెయ్యి దిగుతుంది. బొబ్బట్లకీ పప్పన్నానికీ కలిపి రెండు ప్యాకెట్లు కాచండి. బుధవారం రాత్రి కాస్తే ఇల్లంతా పండగ వాసన వస్తుంది, మీ వారికి బిర్యానీ మాట గుర్తురాదు.

ఆయన గురించి ఒక మాట. ‘బిర్యానీ ఆర్డర్ పెడదాం’ అన్నది పండగ మీద చులకనతో కాదేమో. పోయినసారి మీరు ఏడవడం ఆయన చూశారు, మళ్లీ చూడటం ఇష్టం లేక అన్నట్టుంది. పైగా చపాతీలు చేయడం వచ్చని మీరే ఒప్పుకున్నారు, ‘తప్ప’ అని చేర్చినా సరే. చపాతీ వచ్చిన చేతికి బొబ్బట్టు ఎంతసేపు? ఆ పని ఆయనకి అప్పజెప్పండి. కరీంనగర్‌లో పిలిచినట్టు వాటిని బచ్చాలు అనే పిలవనివ్వండి. అరకిలో పచ్చిశనగపప్పు, అరకిలో బెల్లం వేస్తే ముప్ఫై దాకా వస్తాయి. పప్పు వేలితో నొక్కితే మెదగాలి కానీ ముద్దైపోకూడదు. ఉడికాక జల్లెట్లో వేసి అరగంట వదిలేయండి, బొబ్బట్లు పగిలిపోవడానికి తొంభై పాళ్లు కారణం పప్పులో మిగిలిన నీళ్లే. పూర్ణం జారుగా వస్తే కంగారు పడి పిండి కలపొద్దు, మళ్లీ పొయ్యి మీద పెట్టి దగ్గరపడేదాకా తిప్పండి. పైపిండికి అక్కడి 405 నంబరు గోధుమ పిండి మన మైదాకి దగ్గర. మెత్తగా కలిపి, నూనె పోసి రెండు గంటలు నాననిస్తే సాగుతుంది. పూర్ణం గురువారం రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఆ ఉడికించిన నీళ్లు పారబోయకండి, వాటితో చారు కాస్తే తీపి తిన్న నోటికి హాయిగా ఉంటుంది. ఇదెలాగో మీ అత్తగారిని అడగండి, మీ అమ్మగారిని కాదు. ఆ వైపు ఫోన్ కూడా మోగాలి కదా.

పచ్చడి దగ్గర మీ ఇద్దరికీ పేచీ ఉండే ఉంటుంది, మీరు రాయలేదంతే. మీ వైపు చిక్కగా చెంచాతో తినేది, వాళ్ల వైపు పల్చగా గ్లాసులో పోసుకుని తాగేది. ఒకే గిన్నెలో చేసి, సగం తీసి నీళ్లు పోసి పుట్నాలు చల్లితే ఆయనది తయారు. బాబుకి రెండూ రుచి చూపించండి. ‘చేదుగా ఉన్నది ఎందుకు తినాలి’ అన్నవాడికి జీవితంలో కష్టసుఖాలంటూ మొదలెట్టకండి, ఆరేళ్ల పిల్లాడు పారిపోతాడు. ఆరు గిన్నెల్లో ఆరూ విడివిడిగా పెట్టి కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమనండి. తర్వాత పచ్చడి కలిపే పని వాడికే ఇవ్వండి. తను కలిపింది తను తినకపోయినా అందరి చేతా తినిపిస్తాడు.

శనివారం మెనూ. పచ్చడి, మామిడికాయ పప్పు, ఒక వేపుడు, పులిహోర, చారు, పెరుగు, బొబ్బట్లు. అంతే. గారెలు వద్దు. తెనాలి అమ్మాయికి ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ గారె వేడిమీద తినాలి, అంటే వచ్చినవాళ్లు తింటున్నంతసేపూ మీరు నూనె ముందు నిలబడాలి. అడుగు గుండ్రంగా ఉండే మన మూకుడు ఆ గాజు పొయ్యి మీద నిలకడగా కూర్చోదు కూడాను. పొగ అలారం మాత్రం పీకి పక్కన పెట్టకండి, అది అక్కడ చట్టం ప్రకారం ఉండాల్సిందే. సాధారణంగా పడకగదుల్లో, నడవాలో ఉంటుంది. వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తీసి తాలింపు వేస్తే చాలు, అగరొత్తులూ కర్పూరమూ కూడా ఆ కిటికీ దగ్గరే.

ఈ ఏడింట్లో మీ ఇంట్లో చేసేవి పచ్చడి, బొబ్బట్లు, చారు, వాటితోపాటు అన్నం. మిగతావి మూడు కుటుంబాలకీ పంచండి. ‘ఏమైనా తెండి’ అని మాత్రం అనకండి. అలా అంటే మూడిళ్ల నుంచీ గులాబ్ జామ్ వస్తుంది. మీరు పులిహోర, మీరు పప్పు, మీరు వేపుడూ పెరుగూ అని పేరు పెట్టి చెప్పండి. మన వాళ్లు ఏమీ అనుకోరు, ఏం తేవాలో తేల్చనప్పుడే ఇబ్బంది పడతారు. పద్నాలుగు మందికి పులిహోరకి ఏడొందల గ్రాములు, తెల్లన్నానికి ఏడొందల గ్రాముల బియ్యం సరిపోతాయి, పిల్లలు పులిహోర తిని లేచిపోతారు కాబట్టి.

ఆ పద్నాలుగో మనిషి కింది ఇంటి పెద్దావిడ. ఆవిణ్ణి పిలవండి. పోయినేడు తలుపు కొట్టింది అలారం విని, మీరు తిట్లు విన్నట్టు గుర్తుపెట్టుకున్నారు. ఈ వారమే బాబు చేత ఒక చీటీ రాయించి ఆవిడ పోస్ట్ బాక్స్‌లో వేయించండి. శనివారం మా పండగ, కాస్త సందడి ఉంటుంది, భోజనానికి రండి అని. తినేవాటిలో జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు, ఆవాలు ఏవేం ఉన్నాయో ముందే చెప్పండి. యూరప్‌లో ప్యాకెట్ల మీద తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో ఆవాలు కూడా ఉన్నాయి, మన తాలింపు లేని కూర ఏముంది? ఆవిడకి పన్నెండున్నర అంటే పన్నెండున్నరకే వస్తుంది. మన వాళ్లకి మాత్రం పదకొండున్నర అని చెప్పండి.

గుమ్మానికి మామిడాకులు దొరకవు. అక్కడి ఇళ్ల చుట్టూ కంచెగా పెంచే కిర్ష్‌లోర్బేర్ అనే మొక్క ఆకు పొడుగ్గా, నిగనిగలాడుతూ అచ్చం మామిడాకులా ఉంటుంది. ఎవరి కంచెదో వాళ్లని అడిగి నాలుగు రెమ్మలు తెచ్చి కట్టొచ్చు. అయితే ఆ ఆకు విషం. వంటింట్లోకి రానివ్వకండి, కలశంలో పెట్టకండి, చంటిపిల్లలకి అందనంత ఎత్తులో కట్టండి. మెట్ల దగ్గర ముగ్గు వేయాలనుంటే, ఆ వారం మెట్లు తుడిచే వంతు ఎవరిదో చూసుకోండి. మీదైతే నిశ్చింతగా చుక్కలు పెట్టండి.

ఇక ‘ఎన్ని చేశావే’ అన్న ప్రశ్న. దానికి అబద్ధమాడొద్దు, వాదించొద్దు. శనివారం పదకొండింటికి మీరే అమ్మకి ఫోన్ చేయండి. అక్కడ మూడున్నర, భోంచేసి ఓ కునుకు తీసి లేచే వేళ. ఫోన్ తిన్నగా పెనం వైపు తిప్పి పెట్టండి. అల్లుడు బొబ్బట్టు తడుతుంటే చూసిన అత్తగారికి రకాల లెక్క గుర్తుండదు. ‘అంచు మందంగా ఉంది బాబూ, ఇంకాస్త తట్టు’ అని మొదలెడతారు.